కిటికీ వరస

మార్చి 6

అక్కకు,

నువ్వు క్షేమమని తలుస్తాను. నా క్షేమం గురించి డాక్టర్లు ఇంకా చర్చించుకుంటున్నారు.

బుధవారం నన్ను ఈ ఛాతీ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మిల్లు డాక్టరు ఇన్నేళ్ళూ "కాస్త దగ్గు" అని రాస్తూ వచ్చినదానికి ఇక్కడ పెద్ద పేరే పెట్టారు. దూది ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందట. చిన్న డాక్టరమ్మ ఒకామె ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూపించింది. అచ్చం మా దూది ఏకే కార్డింగ్ సెక్షన్ అద్దాల్లా ఉన్నాయే అన్నాను. ఆమె నవ్వలేదు. చిన్న వయసు, నేర్చుకుంటుందిలే.

వార్డు పొడుగాటి హాలు. మధ్యలో ఆ చివరి నుంచి ఈ చివరికి మనిషెత్తు చెక్క అడ్డం. అటు కిటికీ వరస, ఇటు గోడ వరస. కిటికీల బయట కంచె దాటితే చెట్ల తోపు ఉందట. నాకు దక్కింది గోడ. తలవైపు సున్నం, కాళ్ళవైపు చెక్క. బాత్రూముకి వెళ్ళొస్తే మూడంతస్తులు ఎక్కినట్టు ఆయాసం. నిద్రమాత్ర లేకుండా రెప్ప పడదు.

అసలు సంగతి విను. కిటికీ పక్కన ఎవరున్నారనుకున్నావు? మా మిల్లు స్టోరు గుమాస్తా. ముక్కుకు కట్టుకునే గుడ్డ చిరిగింది, ఇంకోటి ఇప్పించండి అంటే, పాతది ఉతికి తెచ్చి చూపించమనేవాడే, ఆయన. పాపం ఆయన ఛాతీ కూడా మాలాగే పోయింది. స్టోరులోనూ దూదే కదా. రోగంలో అందరం సమానమే, మంచం దగ్గరికి వచ్చేసరికి ఆయన గుమాస్తా, నేను కూలీ. మిల్లు నుంచి తప్పించుకొచ్చాననుకుంటే మిల్లు నాకంటే ముందే వచ్చి పడుకుని ఉంది.

ఈ డాక్టరమ్మకి ఒక పిచ్చి ఉంది. చెట్లు కనబడే వరసవాళ్ళు నిద్రమాత్రలు తక్కువ అడుగుతున్నారట, రక్తపోటు దిగుతోందట. పచ్చదనం మధ్య గడిపితే ఒంట్లో బిగువు సడలుతుందంటుంది. నాతో చెప్పి ఏం లాభం తల్లీ, సున్నం మధ్య గడుపుతున్నవాణ్ణి అన్నాను. దానికీ నవ్వలేదు.

ప్రెస్సులో ఆ చిన్న అక్షరాలు చూసి చూసి కళ్ళు పాడుచేసుకోకు.

గోడ వరస నుంచి,
నీ తమ్ముడు


మార్చి 10

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి చేతిలో ప్రూఫులు బల్ల మీద పడేశాను. ఫోర్‌మన్ ఏమైందమ్మా అని అడిగాడు. మా తమ్ముడికి చెట్టు వైద్యం చేస్తున్నారండీ, అదీ చెట్టు చూపించకుండా అన్నాను.

నాకు చెట్ల మీద కోపం లేదు. చెట్టు చాటున దాక్కునేవాళ్ళ మీద కోపం. ధూళి లాగేసే ఫ్యాన్లు పెట్టమని మీ యూనియన్ అడిగిననాడు మేనేజరు ఏమన్నాడు? తెల్లవారుజామున లేచి స్వచ్ఛమైన గాలిలో నడవండి, అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. మీరు తెల్లవారుజామున ఎక్కడుంటారో ఆయనకు తెలియదా? ఆయన మిల్లు గేటు లోపలే ఉంటారు మీరు. గాలి పాడుచేసే హక్కు వాడిది, గాలి మార్చుకునే పూచీ మనది. ఇప్పుడు పత్రికల నిండా ఇదే పాట. చెట్ల కింద అరగంట, మనసు దూదిపింజ. దూదిపింజ! రాసేవాడు నీ ఎక్స్‌రే చూస్తే ఆ పోలిక రాసేవాడా?

సరే, చెట్టు మంచిదేనని ఒప్పుకుందాం. మంచిదే. ఎంత మంచిదంటే, మంచిదని తేలిన మర్నాడే దానికి కంచె వేసి గేటు పెడతారు. మీ డాక్టరమ్మ చూసింది నిజమైతే ఆ కిటికీ ఒక మందు. మందును జబ్బును బట్టి ఇస్తారా, హోదాను బట్టి ఇస్తారా? మాత్రలు గుమాస్తాలకే ఇస్తామంటే ఊరుకుంటామా? మరి ఆకులు గుమాస్తాకి, సున్నం కూలీకి అంటే ఎందుకు ఊరుకోవాలి?

నీకన్నీ నవ్వులాటే. చిన్నప్పుడు మాస్టారు బెంచీ ఎక్కిస్తే పైనుంచి ఊరు బాగా కనబడుతోందన్నావు. అమ్మ నవ్వింది గానీ నేను నవ్వలేదు. బెంచీ ఎక్కించినవాడికి నీ జోకు ఎంత సుఖమో నాకు అప్పుడే తెలిసింది.

నువ్వు మందులు వేసుకో. మిగతాది నేను చూసుకుంటాను.

ఊరుకోవడం చేతకాని
మీ అక్క


మార్చి 16

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఈ ఒక్కసారికి ఊరుకో. తెలియక రాశాను.

నేను చేరిన వారం ఆదివారం తనిఖీ ఉండి ఇక్కడి ఏర్పాటు జరగలేదట, అందుకే నాకు తెలియలేదు. నిన్న పొద్దున్న రౌండ్లు అయిపోయి సూపరింటెండెంటు ఇంటికి వెళ్ళగానే అడ్డానికి అవతల ఒక గొంతు లేచింది. "ముందుకు జరగండి, ముందుకు జరగండి, వెనకాల బోలెడంత ఖాళీ!" మంచం మీద కూర్చుని ఒక ముసలాయన అరుస్తున్నాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రోడ్డు దుమ్మూ పొగా ఆయన ఛాతీలోనే దిగిపోయాయి. ఒక్కో మాటకీ ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు, అయినా అరవడం మానడు. అందరూ కండక్టరు బాబాయి అంటారు.

నడవగలిగినవాళ్ళు లేచి మంచాల చక్రాల కొక్కేలు తీశారు. ఒక్కో మంచం ఒక్కో చోటు ముందుకు జరిగింది. గోడ వరస చివరివాడు మలుపు తిరిగి కిటికీ వరసలోకి వెళ్ళాడు. కిటికీ వరస చివరివాడు ఇటు గోడకి వచ్చాడు. కొత్తవాడు గోడ దగ్గరే ఎక్కాలి, గుమాస్తా అయినా ఇంకెవరైనా. మా గుమాస్తా కూడా గోడ పక్క నెలన్నర పడి ఉండే అక్కడికి చేరాడట. కేసు కాగితం మంచానికే వేలాడుతుంది కనుక మందుల్లో తేడా రాదు. సిస్టర్లకి అంతా తెలుసు. సరిగ్గా ఆ వేళకి వాళ్ళకి పక్క గదిలో పని గుర్తొస్తుంది. అందరూ సర్దుకున్నాక బాబాయి "రైట్" అన్నాడు. వార్డంతా నవ్వింది, తర్వాత వార్డంతా దగ్గింది.

నా లెక్క ప్రకారం ఏప్రిల్ రెండో ఆదివారం నేను మలుపు తిరుగుతాను.

ఇంకో మాట. గురువారం డాక్టరమ్మ ఇటువైపు వెలుతురు చాలదని నన్ను నడిపించుకెళ్ళి గుమాస్తా మంచం మీద పడుకోబెట్టి ఛాతీ విన్నది. ఆయన లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఆయాసపడుతూనే. అప్పుడు చూశాను. ఆ చెట్టు పేరు నాకు తెలియదు. మిల్లు క్వార్టర్లలో పుట్టి మిల్లులో పెరిగినవాడికి చెట్ల పేర్లేం తెలుస్తాయి? ఆకు చిన్నది. గాలి వస్తే వెనక్కి తిరిగి తెల్లబడుతుంది, గాలి పోతే పచ్చబడుతుంది. ఊరికే అదే పని. డాక్టరమ్మ ఏదో అడిగితే జవాబు చెప్పాను. "మీరు మెల్లగా మాట్లాడటం ఇదే మొదటిసారి" అంది. మిషన్ల మోతలో అరవడం అలవాటై అందరితోనూ అరుస్తున్నానట. అంతలో నా భుజాలు దిగాయి అక్కా. అవి ఇన్నేళ్ళూ పైకి ఎత్తిపెట్టుకుని ఉన్నానని దిగాకే తెలిసింది. ఆ మధ్యాహ్నం మాత్ర లేకుండా నిద్రపోయాను.

రోగం పోయిందనను. దూది దూదే. కానీ మా డాక్టరమ్మది పిచ్చి కాదు.

ఎవరికీ ఏమీ రాయకు.

నీ తమ్ముడు


మార్చి 18

ఒరేయ్ తమ్ముడూ,

దీంతో పాటు పత్రిక కత్తిరింపు పెడుతున్నాను. నిన్నటి మన వారపత్రికలో మూడో పేజీ. పేరు "కిటికీ ఎవరిది?" అని పెట్టాను. మొదటి వాక్యం విను: "ఈ ఆసుపత్రిలో ఊపిరితిత్తులు అందరివీ ఒకటే, చూపు మాత్రం హోదాను బట్టి." ఎడిటరు ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

నీ ఊసు ఎత్తలేదు. విశ్వసనీయ వర్గాల కథనం అని రాశాను. పుట్టి బుద్ధెరిగాక నిన్ను విశ్వసనీయమన్నది నేనొక్కదాన్నే, గుర్తుపెట్టుకో.

గుమాస్తా ముక్కుగుడ్డల సంగతి కూడా రాశాను. చదివి మీ వార్డులో ఏమనుకున్నారో వెంటనే రాయి.

మీ అక్క


ఏప్రిల్ 1

ఒరేయ్ తమ్ముడూ,

నీ పదహారో తేదీ ఉత్తరం చేరేసరికి పత్రిక ఊళ్ళోకి వెళ్ళిపోయింది. గుమాస్తా విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. సవరణ వేశాం. అయితే నీ ఉత్తరం చదివాక నాకు ఇంకో రకం కోపం వచ్చింది. ఆయాసంతో నడవలేని రోగులు దొంగల్లాగా ఆదివారం కాపలా కాసి మంచాలు తోసుకోవడమేమిటి? మీరు చేస్తున్నది ఈ దేశంలో ఏ అధికారీ చేయని న్యాయం. అది చాటుగా ఎందుకు జరగాలి?

అందుకని సూపరింటెండెంటుకి బహిరంగ లేఖ రాశాను. మీ వార్డులో రోగులు తమకు తామే వంతులు పెట్టుకుని సమానత్వం పాటిస్తున్నారు, దాన్నే మీరు ఆసుపత్రి నియమంగా ప్రకటించి సిబ్బంది చేత అమలు చేయించండి అని. కండక్టరుగారి గురించి రెండు పేరాలు రాశాను. చదివిన ప్రతివాడికీ కళ్ళు చెమర్చాయి.

ఫలితం చూశావా? ఇవాళ పెద్ద పత్రికలో వచ్చింది. "పడకల విషయంలో ఏ రోగికీ ప్రత్యేకత లేకుండా చర్యలు, ఇకపై అందరికీ సమాన సదుపాయం" అని ఆసుపత్రి ప్రకటించింది. పుల్ల పెట్టి కదిపితే కొండ కదిలిందిరా. ప్రెస్సులో అందరికీ టీ ఇప్పించాను.

ఇంతకాలం నవ్వి ఊరుకున్నవాడివి, ఇప్పుడైనా చూడు, నోరు తెరిస్తే ఏమవుతుందో. నీ మౌనానికి అర్థం నువ్వు ఆ కిటికీ దగ్గర హాయిగా నిద్రపోతున్నావనే అనుకుంటున్నాను.

గర్వంతో,
మీ అక్క


ఏప్రిల్ 8

అక్కా,

సమానత్వం వచ్చింది. రంగు డబ్బాల్లో వచ్చింది.

శుక్రవారం ఇద్దరు పెయింటర్లు వచ్చి కిటికీ అద్దాలన్నిటికీ లోపలివైపు తెల్ల రంగు పూశారు. పైనుంచి కింది దాకా. పొద్దున్న మొదలుపెట్టి భోజనాల వేళకి ముగించారు. తర్వాత కిటికీ రెక్కలు తెరవకుండా మేకులు కొట్టారు. సూపరింటెండెంటు మధ్యలో నిలబడి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. వెలుతురు ఎప్పటిలాగే వస్తుంది, చూపు విషయంలో ఇక ఎవరికీ ఫిర్యాదు ఉండదు, అందరికీ ఒకటే దృశ్యం అన్నాడు. నీ బహిరంగ లేఖ ఆయన చేతిలోనే ఉంది. కండక్టరు బాబాయి పేరాలు కిందగీత గీసి ఉన్నాయి.

ఆదివారం మంచాలు ఆఖరిసారి ఒక చోటు జరిగాయి, సోమవారం వాటి చక్రాలు విప్పారు. కాళ్ళకి నేలలో బోల్టులు బిగించారు. అనధికారిక కదలికలు ఆపడానికట. ఎవరు ఎక్కడుంటే అక్కడే. నేను గోడ వరసలో చివరివాణ్ణి. ఇంకొక్క ఆదివారం ఆగి ఉంటే మలుపు తిరిగేవాణ్ణి.

డాక్టరమ్మ ఆఫీసుకి వెళ్ళి గట్టిగా మాట్లాడి వచ్చిందట. సోమవారం నుంచి కనబడటం లేదు. బదిలీ అంటున్నారు.

నిద్రమాత్రల ట్రే మళ్ళీ బరువెక్కింది. అడ్డానికి అవతల కూడా అడుగుతున్నారు.

నేను నీకు ఉత్తరం రాశానక్కా. నువ్వు దాన్ని ఊరికి రాశావు. ఎవరికీ ఏమీ రాయకు అన్నాను. నువ్వు ఆ వాక్యం చదవలేదా, ప్రూఫు చూసే అలవాటున కొట్టేశావా?

బాబాయి మాత్రం నిన్ను ఏమీ అనలేదు. తన గురించి అచ్చులో రావడం ఇదే మొదలట. కత్తిరింపు దిండు కింద పెట్టుకున్నాడు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 14

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు చూసిన ప్రూఫుల్లో తప్పులన్నీ వదిలేశాను. మూడో రోజు నీతో పోట్లాడాలనిపించింది. అందుకే రాస్తున్నాను.

క్షమాపణ అడగను. ఎవరిని అడగాలి? ఒకడి కంచంలో ఉంది, ఇంకొకడి కంచంలో లేదు, ఇద్దరికీ పెట్టండి అన్నాను. వాడు ఇద్దరి కంచాలూ బోర్లించి ఇదిగో సమానం అన్నాడు. తప్పు అడిగినదాంట్లో ఉందా, బోర్లించిన చేతిలో ఉందా? పై వాళ్ళకి సమానత్వం అంటే ఇదొక్కటే తెలుసు. బడిలో బెంచీలు చాలకపోతే అందరినీ నేల మీద కూర్చోబెడతారు. ఒక వీధికి నీళ్ళు రావడం లేదంటే రెండో వీధి కుళాయి కట్టేస్తారు. పైగా మన వైపు వేలు చూపించి, అదిగో అడిగింది వాళ్ళే అంటారు. నువ్వు ఇప్పుడు ఆ వేలు చూసే నన్ను తిడుతున్నావు.

నువ్వూ ఒక్కసారి అద్దం చూసుకో. మొదటి ఉత్తరంలో గుమాస్తా మీద ఏడ్చింది ఎవరు? నీ కడుపుమంట నిజమనుకుని నేను కలం పట్టాను. అది ఊసుపోక రాసిందని నాకెలా తెలుస్తుంది? నవ్వుతూ రాస్తావు, ఏడుస్తూ రాస్తావు, ఏది ఎప్పుడు నమ్మాలో నీకే తెలియదు.

చాటుగా చేసుకునే న్యాయం న్యాయం కాదు. అది ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడి కంట పడుతుంది. ఇవాళ కాకపోతే రేపు ఆ మంచాలకి బోల్టులు పడేవే. నేను ఇప్పటికీ అదే అంటాను.

అంటాను గానీ అన్నం సయించడం లేదు.

నీ ఆరోగ్యం ఒక్క ముక్క రాయి.

అక్క


ఏప్రిల్ 22

అక్కకు,

ఒక్క ముక్క ఏం ఖర్మ, చాలా రాస్తాను.

పన్నెండో తేదీ ఆదివారం. నా వంతు రావలసిన రోజు. రౌండ్లు అయిపోయాయి. బోల్టు వేసిన మంచం మీద ఆదివారం ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. అప్పుడు అడ్డం అవతల బాబాయి గొంతు లేచింది. "బోల్టులు మంచాలకి వేశార్రా, మనకి కాదు. మనుషులం జరుగుదాం. ముందుకు జరగండి!" గుమాస్తా వద్దండీ, అద్దాలన్నీ తెల్లగా ఉంటే ఎక్కడికి జరుగుతాం అన్నాడట. వంతు వంతే అన్నాడట బాబాయి.

కిటికీ వరసలో చివర ఆయనే. అక్కడ ఖాళీ చేసి గోడకి రావలసినవాడు ఆయనే. మంచం దిగి, కేసు కాగితం చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ఇటు నుంచి నేనూ లేచాను. చెక్క అడ్డం మలుపు దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం. నన్ను చూసి నవ్వి "దిగేవాళ్ళని ముందు దిగనివ్వాలి" అన్నాడు. ఆ తర్వాత ఆయనకి ఊపిరి అందలేదు. అక్కడే కూలబడ్డాడు. నేను పట్టుకోబోయి నేనూ కూలబడ్డాను. మా ఇద్దరినీ లేపడానికి ఊపిరి ఉన్నవాడు ఒక్కడు కావలసి వచ్చింది, వార్డులో అలాంటివాడు లేడు. సిస్టర్లు పరిగెత్తుకొచ్చారు.

ఆయన్ని ఆయన మంచం మీదే పడుకోబెట్టారు. వారం తిరగకుండా పోయాడు.

తెల్ల రంగు చంపిందని నేను అనను. దుమ్మే చంపింది. డాక్టర్లు కూడా ఎప్పుడో చెప్పేశారట. కాకపోతే చివరి రోజుల్లో ఆయన తల కిటికీ వైపే తిప్పుకుని ఉన్నాడు. ఎందుకు బాబాయ్, అక్కడేముంది అంటే, అలవాటు అన్నాడు.

నువ్వు అడిగావు, చాటుగా చేసుకునేది న్యాయమేనా అని. చాటుగా దొరికిందే మాకు దొరికింది అక్కా. పైనుంచి మాకు ఇంతవరకు దిగిన న్యాయానికి ఒక పూత, కొన్ని బోల్టులు ఉన్నాయి. నీ వాదన తప్పనను. నీ వాదనలో మేము మనుషులం కాదు, ఉదాహరణలం.

క్రమశిక్షణ తప్పామని రోగులని చూడటానికి వచ్చేవాళ్ళని తగ్గించేశారు.

తమ్ముడు


మే 4

తమ్ముడూ,

నిన్న ఆదివారం వచ్చాను. నీకు తెలియదు.

నీ ఉత్తరం తర్వాత జవాబు రాయడానికి కూర్చున్నాను. నాలుగు కాగితాలు చించాను. ప్రతి కాగితం మీదా నాదే పైచేయి అవుతోంది. ఉదాహరణలం అన్నావే, ఆ మాటకి నా దగ్గర చాలా మంచి జవాబు ఉంది. అంత మంచి జవాబు తయారుగా ఉన్నందుకే నాకు సిగ్గేసింది. బల్ల మీద నుంచి లేచి రైలెక్కాను.

గేటు దగ్గర కాపలావాడు పేరు అడిగాడు. చెప్పాను. లోపలికెళ్ళి వచ్చి, ఆ వ్యాసం రాసినావిడ మీరేనా అన్నాడు. నేనే అన్నాను. మీకు మాత్రం లేదమ్మా, పైనుంచి ఆర్డరు అన్నాడు. చెడ్డవాడేమీ కాదు. నిలబడి అలసిపోయారు, కూర్చోండి అని తన స్టూలు కూడా ఇచ్చాడు. ఎప్పుడైనా గేటు బయట నిలబెడితే నేను ఎంత మాట్లాడతానో నీకు తెలుసు. నిన్న స్టూలు వెనక్కి ఇచ్చేసి నడిచాను.

గోడ వెంట చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాను. అక్కడ కంచె, కంచెకి ఇటు నీ తోపు. నువ్వు రాసిన చెట్టు పోల్చుకున్నాను. ఆకు చిన్నది, తిరగబడితే తెలుపు. దాని కింద నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ఇలా ఒక చెట్టు కింద పని లేకుండా నిలబడి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియలేదు. చెట్ల కింద మీటింగులు పెట్టాను, ఊరేగింపు ఆపి నీళ్ళు తాగాను. ఊరికే నిలబడలేదు. కాసేపటికి నా భుజాలు దిగడం నాకే తెలిసింది. నువ్వు రాసింది అక్షరాలా నిజం. దాని మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నాకు ఊరికే దొరికింది, కంచె దాటి నీకు దొరకలేదు. నీకు దొరకకుండా చేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఎదురుగా మీ వార్డు కిటికీలు. వరసగా తెల్లగా, కళ్ళకి పొర కమ్మినట్టు. చూస్తూ ఉంటే చివరి కిటికీలో అడుగు భాగాన, పడుకున్న మనిషి తలెత్తితే అందేంత ఎత్తులో, రంగు గోకేసి ఉంది. గోరంత. ఆ గోరంత చోటులో ఒక కన్ను ఉంది.

నువ్వే అనుకున్నాను. చెయ్యి ఊపాను. కన్ను నన్ను చూడలేదు. నా వెనక్కి, నా మీదుగా చూడాలని అటూ ఇటూ కదులుతోంది. నేను ఇంకా గట్టిగా చెయ్యి ఊపాను. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నేను చెట్టుకి అడ్డంగా నిలబడి ఉన్నాను.

పక్కకి జరిగాను. అది చూడాల్సినంత సేపు చూసింది.

మళ్ళీ రాయాలనే ఉంది. ఫ్యాన్ల గురించి, మీ మిల్లు గురించి. ఈసారి అచ్చుకి ముందు నీకు పంపుతాను. నువ్వు కొట్టేసినవి కొట్టేసినట్టే ఉంచుతాను.

అక్క


మే 13
మిల్లు క్వార్టర్లు

అక్కా,

పై అడ్రసు చూసి కంగారుపడకు. డిశ్చార్జి అయ్యాను. చేశారు అనాలి. శనివారం పొద్దున్న కొత్త డాక్టరు వచ్చి, స్థిమితంగా ఉంది, తేలిక పనులు చేసుకోవచ్చు అన్నాడు. తలుపు దగ్గర సిస్టరు చెవిలో చెప్పింది, పత్రికావిడ తమ్ముణ్ణి ఇంక ఉంచవద్దన్నారని.

ఆ కన్ను నాది కాదు. అది బాబాయి మంచం. ఆయన పోయాక దాన్ని ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. గుమాస్తా దగ్గర మిల్లు స్టోరు తాళంచెవి ఒకటి ఉండిపోయింది. దాంతో రోజూ కొంచెం కొంచెం గోకాడు. ముక్కుగుడ్డ ఇవ్వనివాడు కిటికీ ఇచ్చాడు, ఇది కూడా అచ్చు వేయకు. ఆదివారం మధ్యాహ్నం ఒకరు, వంతు ప్రకారం, వెళ్ళి అక్కడ పడుకుంటారు. గోకినవాడికి కూడా వంతే. నువ్వు వచ్చిన రోజు గుమాస్తా వంతు. సాయంత్రం తిరిగొచ్చి, ఎవరో ఒకావిడ చెట్టుకి అడ్డం నిలబడి చేతులూపుతోందండీ, పిచ్చిదేమో, తర్వాత తనే జరిగింది పాపం అన్నాడు. నీ ఉత్తరం ఇంకా రాలేదు గనుక నేనూ పాపం అన్నాను. నా వంతు ఆ తర్వాతి ఆదివారం. డిశ్చార్జి శనివారం.

డిశ్చార్జి కాగితం మీద కింద ఒక సలహా అచ్చువేసి ఉంది. ఇంటికి పంపే ప్రతివాడికీ ఇస్తారట. "రోజూ కొంతసేపు పచ్చని చెట్ల మధ్య గడపండి." సెక్షన్‌లో చదివి వినిపించాను. అందరూ నవ్వారు. ధూళి వల్ల నోళ్ళు మూసుకుని నవ్వారు. నాకు తేలిక పని ఇచ్చారు, కింద పడిన దూది ఊడవడం. ఫ్యాన్లు లేవు. నువ్వు రాయి. నేను కొట్టేయను. ముక్కుగుడ్డల దగ్గర నుంచి మొదలుపెట్టు, అన్నీ చెబుతాను.

బయటికి వచ్చాక ఏం చేశానో చెప్పి ముగిస్తాను. బస్సుకి టైముందని గోడ వెంట చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాను. నాలుగు చోట్ల ఆగాల్సి వచ్చింది. చెట్టు మొత్తంగా చూడటం అదే మొదలు, లోపలి నుంచి సగమే కనబడేది. మొదలుకి వీపు ఆనించి నిలబడ్డాను. ఆకులు నా మీద కూడా తెల్లబడి పచ్చబడ్డాయి. ఊపిరి కొంచెం సర్దుకుంది. ఇంకాసేపు ఉందామనుకుంటూ తలెత్తి చూస్తే చివరి కిటికీలో కన్ను ఉంది. శనివారమే అయినా ఎవరో వచ్చి పడుకున్నారు. అటూ ఇటూ కదులుతోంది.

నేనూ జరిగాను అక్కా. జరిగి జరిగి మిల్లు గేటు దాకా వచ్చాను.

నీ తమ్ముడు